ఫ్లక్స్ అనే ఆంగ్ల పదం: పుట్టుక, అర్థాలు, వాడుక – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంగ్లంలో నాలుగే అక్షరాలున్న ‘ఫ్లక్స్’ అనే పదం భౌతికశాస్త్ర పాఠంలో ఒక రాశిగా, లోహాలు అతికేవారి చేతిలో ఒక పదార్థంగా, పాత వైద్య రచనల్లో ఒక జబ్బుగా, రాజకీయ వ్యాఖ్యానాల్లో నిలకడలేని పరిస్థితిగా కనిపిస్తుంది. ఒకచోట నేర్చుకున్న అర్థాన్ని మరొక చోటికి మోసుకువెళితే వాక్యం అర్థం కాదు. అందువల్లనే ఈ పదం గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కనుక ఎక్కడినుంచైనా చదవవచ్చు.

## మొదటి పరిచయం

ఫ్లక్స్ అంటే ఒక్క మాటలో ఏమిటి?

ఒక్క మాటే కావాలంటే ‘ప్రవాహం’ అని చెప్పవచ్చు, కానీ ఆ ఒక్క మాటతో సగం వాక్యాలు కూడా అర్థం కావు. నేటి ఆంగ్లంలో ఈ పదానికి మూడు ప్రధానమైన అర్థాలున్నాయి. మొదటిది, ఏదైనా ఒక హద్దును దాటి సాగిపోవడం, లేదా అలా సాగిపోయేదాని కొలత. రెండవది, ఇంకా ఒక రూపానికి రాకుండా ఎడతెగక మారుతూ ఉండే స్థితి. మూడవది, లోహాన్నో ఖనిజాన్నో సులువుగా కరిగి పారేటట్లు చేసే పదార్థం. వైద్యంలోని పాత అర్థం, అంటే శరీరం నుంచి అతిగా స్రవించడం, ఇప్పుడు చారిత్రక రచనల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒకదానికొకటి సంబంధం లేని ఇన్ని అర్థాలు ఒకే పదానికి ఎలా వచ్చాయి?

సంబంధం లేదని పైకి అనిపిస్తుంది గాని, అన్నిటికీ మూలం ‘పారడం’ అనే ఒకే భావన. పారే నీరు ఒకచోట నిలవదు కాబట్టి ‘నిలకడలేని మార్పు’ అనే అర్థం వచ్చింది. పారేదాన్ని కొలవాలంటే అది ఒక హద్దును ఎంత దాటుతున్నదో చూడాలి కాబట్టి శాస్త్రంలోని అర్థం వచ్చింది. పారేటట్లు చేసేదాన్ని కూడా అదే పేరుతో పిలవడం వల్ల లోహశాస్త్రంలోని అర్థం వచ్చింది. కొత్త వాక్యంలో ఈ పదం ఎదురైనప్పుడు ‘ఇక్కడ పారేది ఏమిటి, దేన్ని దాటి పారుతున్నది?’ అని అడిగి చూడండి. రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే అది కొలతకు సంబంధించిన అర్థం. మొదటిదానికి మాత్రమే దొరికితే సాధారణంగా అది మార్పుకు సంబంధించిన అర్థం.

‘ఇన్ ఫ్లక్స్’, ‘ఇన్‌ఫ్లక్స్’ రెండూ ఒకటేనా?

కావు. చెవికి దాదాపు ఒకేలా వినిపించడం వల్ల ఈ పొరపాటు చాలామంది చేస్తారు. విడివిడిగా రెండు పదాలుగా రాసినప్పుడు ‘ఇంకా కుదురుకోని స్థితిలో’ అని అర్థం. నిబంధనలు ‘ఇన్ ఫ్లక్స్’ అంటే అవి మారుతూ ఉన్నాయని, ఇంకా ఖరారు కాలేదని. కలిపి ఒకే పదంగా రాసినప్పుడు అది నామవాచకం. పెద్ద సంఖ్యలోనో పెద్ద మొత్తంలోనో లోపలికి వచ్చి చేరడం దాని అర్థం. తెలుగులో దానికి ‘వెల్లువ’, ‘తాకిడి’ అనే మాటలు చక్కగా సరిపోతాయి. ఉచ్చారణలో కూడా చిన్న తేడా ఉంది: కలిపి రాసిన పదంలో ఊనిక ‘ఇన్’ మీద పడుతుంది, విడిగా రాసినదానిలో ‘ఫ్లక్స్’ మీద పడుతుంది.

‘ఫ్లో’ అనే తేలిక మాట ఉండగా ‘ఫ్లక్స్’ ఎందుకు?

‘ఫ్లో’ రోజువారీ మాట. నది పారినా, మాటలు సాగినా, డబ్బు చేతులు మారినా దాన్నే వాడతారు. ‘ఫ్లక్స్’ అనగానే ఆ ప్రవాహానికి కొలత గాని, అస్థిరత గాని తోడవుతుంది. పైగా ‘ఫ్లో’లో ఒక దిశ, ఒక సాఫీతనం స్ఫురిస్తాయి, ‘స్టేట్ ఆఫ్ ఫ్లక్స్’ అన్నప్పుడు దిశ ఏదో ఇంకా తేలలేదన్న ధ్వని ఉంటుంది. పని సాఫీగా సాగుతున్నదని చెప్పదలచుకున్నవారు ‘ఫ్లక్స్’ అని రాస్తే అర్థం పూర్తిగా తారుమారవుతుంది.

## పుట్టుక, చుట్టరికాలు

ఈ పదం ఏ భాష నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. ‘పారు’ అనే అర్థం గల ‘ఫ్లుయెరె’ అనే క్రియ నుంచి ‘ఫ్లుక్సుస్’ అనే నామవాచకం ఏర్పడింది. అది పాత ఫ్రెంచిలో ‘ఫ్లక్స్’గా మారి, 14వ శతాబ్దంలో ఆంగ్లంలోకి చేరింది. అప్పటి ఆంగ్ల రచనల్లో ఇది ప్రధానంగా వైద్యానికి సంబంధించిన మాట. మిగిలిన అర్థాలన్నీ తర్వాతి శతాబ్దాల్లో ఒక్కొక్కటిగా దానికి తోడైనవే.

‘ఫ్లో’, ‘ఫ్లక్స్’ ఒకే ధాతువు నుంచి పుట్టినవేనా?

కావు. రూపం కలిసింది, అర్థం కలిసింది, అయినా రక్తసంబంధం లేదు. నాకు ఈ పదం మీద మొదట ఆసక్తి కలిగించినది ఈ విషయమే కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

సంస్కృతం, లాటిన్, ఆంగ్లం మొదలైన భాషలకు మూలమైన ఇండో-యూరోపియన్ మూలభాషలో ‘ప్లెవ్’ వంటి ధాతువు ఒకటి, ‘భ్లెవ్’ వంటి ధాతువు మరొకటి ఉండేవని భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించారు. మొదటిదానికి తేలడం, పారడం అని అర్థం. రెండవదానికి ఉబకడం, పొంగడం అని అర్థం. ఆంగ్లం చెందిన జర్మానిక్ శాఖలో మూలభాషలోని ‘ప’ శబ్దం ‘ఫ’గా మారింది. సంస్కృతంలోని పితృ, పాద అనే పదాలకు ఆంగ్లంలో ఫాదర్, ఫుట్ అనేవి సాటి వచ్చేది అందుకే. ఆ మార్పు ప్రకారమే ‘ప్లెవ్’ నుంచి ఫ్లో, ఫ్లడ్, ఫ్లోట్ అనే పదాలు వచ్చాయి. లాటిన్‌లో జరిగిన మార్పు వేరు. అక్కడ పదం మొదట్లోని ‘భ’ శబ్దం ‘ఫ’గా మారింది. సంస్కృతంలోని ‘భ్రాతృ’కు లాటిన్‌లో ‘ఫ్రాతెర్’ సాటి రావడం దీనికి తార్కాణం. ఆ దారిలో ‘భ్లెవ్’ నుంచి ‘ఫ్లుయెరె’, దాని నుంచి ‘ఫ్లక్స్’ వచ్చాయి. అంటే రెండు వేర్వేరు శబ్దాలు వేర్వేరు దారుల్లో నడిచి చివరకు ఒకే ‘ఫ్ల’ దగ్గర కలుసుకున్నాయి.

‘ఫ్లో’కు లాటిన్‌లో అసలైన చుట్టం ‘వాన కురియు’ అనే అర్థం గల ‘ప్లుయెరె’. సంస్కృతంలో చుట్టం ‘ప్లు’ ధాతువు. తెలుగులో మనం వాడే ప్లవనం, జలప్లావనం, ఉత్ప్లవనం ఆ ధాతువు నుంచి వచ్చినవే. కాబట్టి తెలుగు పాఠకుడికి ‘ఫ్లో’ తెలిసినవారి ఇంటి బిడ్డ. ‘ఫ్లక్స్’ మాత్రం బయటి నుంచి వచ్చినది.

‘ప్రవాహం’, ‘స్రవంతి’ అనే మాటలకు ఫ్లక్స్‌తో సంబంధం ఉందా?

అర్థంలో ఉంది, పుట్టుకలో లేదు. ‘ప్రవాహం’లోని ‘వహ్’ ధాతువుకు మోయడం, తీసుకుపోవడం అని అర్థం. దాని చుట్టాలు ఆంగ్లంలోని వెహికిల్, వ్యాగన్ అనే పదాలు. స్రవంతి, స్రావం అనే మాటల్లోని ‘స్రు’ ధాతువుకు ఆంగ్లంలో సాటి ‘స్ట్రీమ్’. గ్రీకులో అదే ధాతువు ‘పారు’ అనే అర్థంతో ‘రెయిన్’ అయింది. డయేరియా, రుమాటిజం అనే వైద్య పదాల్లో కనిపించేది ఆ గ్రీకు రూపమే. తెలుగు ద్రావిడ భాష కాబట్టి మన సొంత మాటలైన పారు, కారు, పొంగు, ఒలుకు అనేవి ఈ బంధుత్వాలన్నిటికీ బయట నిలుస్తాయి.

ఫ్లక్స్ కుటుంబానికి చెందిన ఇతర ఆంగ్ల పదాలు ఏవి?

చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఈ కుటుంబానివని మొదట నమ్మబుద్ధి కాదు. ‘ఫ్లూయిడ్’ అంటే పారే గుణం గలది, ‘ఫ్లుయెంట్’ అంటే మాట తడబడకుండా ధారగా వచ్చేవాడు. ఈ రెండూ సులువుగానే పోలిక పట్టవచ్చు. ‘అఫ్లుయెంట్’ అంటే సంపద వచ్చి చేరుతున్నవాడు. ‘సూపర్‌ఫ్లుయస్’ అంటే పాత్ర నిండి పైకి పొర్లినది, కాబట్టి అక్కరకు మించినది. ‘కాన్‌ఫ్లుయెన్స్’ అంటే కలిసి పారే చోటు. దానికి మనం వాడే ‘సంగమం’లో పారడం లేదు, కలిసి వెళ్లడం ఉంది. ‘మెల్లిఫ్లుయస్’ అంటే తేనెలా జాలువారేది.

అన్నిటికంటే ఆసక్తికరమైనది ‘ఇన్‌ఫ్లుయెన్స్’. నక్షత్రాల నుంచి ఒక సూక్ష్మమైన ద్రవం మనుషుల మీదికి పారి వారి గుణాన్నీ గతినీ మారుస్తుందని మధ్యయుగాల జ్యోతిష్కులు నమ్మేవారు. ఆ లోపలికి పారడమే ‘ఇన్‌ఫ్లుయెన్స్’. ఆ నమ్మకం పోయినా ‘ప్రభావం’ అనే అర్థం మిగిలింది. ఇటాలియన్‌లో అదే పదం ‘ఇన్‌ఫ్లుయెంజా’ అయి, ఊరంతా ఒకేసారి పాకే జబ్బుకు పేరుగా మారి, 1743లో ఐరోపాలో వ్యాపించిన జ్వరాల సమయంలో ఆంగ్లంలోకి వచ్చింది. మనం ‘ఫ్లూ’ అని పొట్టిగా అనేది ఆ పదాన్నే.

ఫ్లోరిన్ అనే మూలకం పేరు కూడా దీని నుంచే వచ్చిందంటారు, నిజమేనా?

నిజమే. గనుల్లో దొరికే ఒక ఖనిజాన్ని లోహం తీసే ముడి ఖనిజంతో పాటు కొలిమిలో వేస్తే కరిగినది పలుచబడి తేలికగా పారుతుందని లోహకారులు గమనించారు. జర్మన్ పండితుడు జార్జియస్ అగ్రికోలా 1530 నాటి రచనలో ఆ ఖనిజాలను లాటిన్‌లో ‘ఫ్లుయోరెస్’ అని పేర్కొన్నాడు. ఆ ఖనిజమే నేటి ఫ్లోరైట్, అంటే కాల్షియం ఫ్లోరైడ్. దానిలోని మూలకానికి ఫ్లోరిన్ అనే పేరు స్థిరపడింది. 1886లో ఆన్రీ మొయిస్సాన్ ఆ మూలకాన్ని విడిగా రాబట్టగలిగాడు, 1906లో ఆయనకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఖనిజపు కొన్ని నమూనాలు అతినీలలోహిత కాంతి పడినప్పుడు వెలుగుతాయి. అందుకే 1852లో జార్జ్ స్టోక్స్ ఆ దృగ్విషయానికి ‘ఫ్లోరెసెన్స్’ అని పేరు పెట్టాడు. కొలిమిలో పారే గుణం నుంచి పుట్టిన పేరు చివరకు ఒక రకమైన వెలుగుకు పేరయింది.

## పాత పుస్తకాల్లో

పాత ఆంగ్ల రచనల్లో ‘బ్లడీ ఫ్లక్స్’ అని ఉంటుంది. అది ఏ జబ్బు?

రక్త విరేచనాలు, నేటి వైద్య పరిభాషలో డిసెంటరీ. శుభ్రమైన నీరు లేని సైనిక శిబిరాల్లో, ఓడల్లో, ముట్టడిలో ఉన్న కోటల్లో ఇది యుద్ధం కంటే ఎక్కువ ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదంలో, అపొస్తలుల కార్యముల 28వ అధ్యాయంలో ఈ మాట కనిపిస్తుంది. తెలుగులో వాడే ‘అతిసారం’ కూడా ‘అతిగా సాగిపోవడం’ అనే భావం మీదనే ఏర్పడింది. జబ్బును పారే గుణంతో గుర్తించడం ఒక్క లాటిన్ అలవాటు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. నేటి వైద్యంలో ‘ఫ్లక్స్’ ఒంటరిగా రావడం అరుదు, కానీ కడుపులోని ఆమ్లం వెనక్కి ఎగదన్నడాన్ని చెప్పే ‘రిఫ్లక్స్’లో అది ఇంకా బతికే ఉంది.

‘అంతా ఫ్లక్స్‌లో ఉంది’ అన్నది హెరాక్లిటస్ మాటేనా?

హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంలో ఎఫెసస్ నగరంలో జీవించిన గ్రీకు తత్త్వవేత్త. ఆయన రచన పూర్తిగా దొరకలేదు, ఇతరులు ఉదాహరించిన చిన్న చిన్న ఖండికలే మిగిలాయి. ‘సర్వమూ పారుతున్నది’ అనే గ్రీకు సూత్రం ఆయన పేరుతోనే ప్రచారంలో ఉన్నా, ఆ పొట్టి రూపం తర్వాతి కాలపు రచయితలు ఆయన భావాన్ని కుదించి చెప్పినది. ఒకే నదిలోకి రెండుసార్లు దిగలేమనే మాటను ఆయనకు ఆపాదించినవాడు ప్లేటో.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. దొరికిన ఖండికలో హెరాక్లిటస్ చెప్పినది, అవే నదుల్లోకి దిగేవారి మీదికి వేరువేరు నీళ్లు పారుతూ వస్తాయని. నది అదే, నీళ్లు వేరు. ఇంకా చెప్పాలంటే, నీళ్లు మారుతూ ఉండడం వల్లనే అది నదిగా నిలిచి ఉంది. నీళ్లు ఆగిపోతే అది మడుగు అవుతుంది. ఆంగ్లంలో ‘ఫ్లక్స్’ అనగానే గందరగోళం, అనిశ్చితి అని మాత్రమే తీసుకునేవారు ఈ రెండవ పార్శ్వాన్ని వదిలేస్తున్నారు. మార్పులోనే నిలకడ ఉండగలదన్న భావం తత్త్వశాస్త్రంలో ఈ పదానికి ఉన్న అసలు బరువు అని నా అభిప్రాయం.

న్యూటన్ చెప్పిన ‘ఫ్లక్షన్’కు దీనితో సంబంధం ఉందా?

సూటిగా ఉంది. కాలంతో పాటు మారే రాశిని ఐజాక్ న్యూటన్ పారే వస్తువుగా ఊహించి, ఆ రాశిని ‘ఫ్లుయెంట్’ అని, అది పారే వేగాన్ని ‘ఫ్లక్షన్’ అని పిలిచాడు. నేటి గణితంలో ఆ ఫ్లక్షన్‌నే అవకలజం అంటున్నాం. ఈ పద్ధతి మీద ఆయన గ్రంథం 1671 నాటికే సిద్ధమైనా, ఆయన మరణించిన తొమ్మిదేళ్లకు, 1736లో గాని ఆంగ్లంలో అచ్చు కాలేదు. ఈలోగా జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిట్జ్ 1684లో తన పద్ధతిని ప్రచురించాడు. చివరకు ప్రపంచమంతా నిలిచినవి లైబ్నిట్జ్ సంకేతాలే. అయినా కాలంతో వచ్చే మార్పును సూచించడానికి అక్షరం నెత్తిన చుక్క పెట్టే న్యూటన్ అలవాటు యాంత్రికశాస్త్రంలో నేటికీ సాగుతున్నది.

## శాస్త్ర పాఠాల్లో

భౌతికశాస్త్రంలో ఫ్లక్స్ అంటే చదరపు మీటరుకు ఇంత అనా, లేక మొత్తం ఇంత అనా?

రెండూ చెల్లుతాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఉష్ణం, ద్రవ్యరాశి, అణువుల వ్యాపనం వంటి రవాణా విషయాల్లో ఫ్లక్స్ అంటే ఒక సెకనులో ఒక చదరపు మీటరు వైశాల్యాన్ని దాటే మొత్తం. ఫూరియే 1822 నాటి ఉష్ణ సిద్ధాంతం, ఫిక్ 1855లో ప్రతిపాదించిన వ్యాపన నియమం ఈ సంప్రదాయానికి చెందినవి. ఉష్ణ ఫ్లక్స్‌ను చదరపు మీటరుకు వాట్లలో చెబుతారు. భూమి ఉన్న దూరంలో సూర్యరశ్మి ఫ్లక్స్ సుమారు 1361 వాట్లు అంటే అర్థం అదే. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు అనే అతిసూక్ష్మ కణాలు భూమి దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరును సెకనుకు దాదాపు 6,500 కోట్ల చొప్పున దాటిపోతాయన్న లెక్కా ఈ కోవలోదే.

విద్యుదయస్కాంతశాస్త్రంలో మాత్రం ఫ్లక్స్ అంటే మొత్తం ఉపరితలం మీద కూడగా వచ్చిన విలువ. ప్రమాణ వైశాల్యానికి ఎంత అన్నదాన్ని అక్కడ ‘ఫ్లక్స్ సాంద్రత’ అంటారు. అందుకే అయస్కాంత ఫ్లక్స్‌ను వెబర్లలోను, ఫ్లక్స్ సాంద్రతను టెస్లాల్లోను కొలుస్తారు. ఒక టెస్లా అంటే చదరపు మీటరుకు ఒక వెబర్. పుస్తకం ఏ సంప్రదాయాన్ని పాటిస్తున్నదో ప్రమాణాలను చూస్తే వెంటనే తెలిసిపోతుంది. కిందన చదరపు మీటరు ఉంటే అది మొదటి రకం.

అయస్కాంత ఫ్లక్స్‌లో నిజంగా ప్రవహించేది ఏమిటి?

ఏదీ ప్రవహించదు. బల్ల మీద కదలకుండా ఉన్న అయస్కాంతం చుట్టూ ఒక కణమైనా ఆ రేఖల వెంట సాగడం లేదు. మరి ఆ పేరు ఎందుకంటే, అది ఒక పోలిక. మైకేల్ ఫారడే 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్న తర్వాత బలరేఖల భాషలో ఆలోచించాడు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1855–56లో ఆ రేఖలకు గణిత రూపం ఇస్తూ, వాటిని కుదించడానికి వీలులేని ఒక ఊహాద్రవం పారే గొట్టాలుగా భావించి చూశాడు. అది కేవలం ఊహే అని ఆయనే స్పష్టం చేశాడు. పోలిక ఫలించినది ఎందుకంటే, అటువంటి ద్రవానికీ అయస్కాంత క్షేత్రానికీ ఒకే గణితం వర్తిస్తుంది: మూసి ఉన్న ఏ ఉపరితలంలోకి ఎంత వస్తుందో అంతా బయటికి పోవాలి.

విద్యార్థులు ఇక్కడే తడబడతారు, అందులో వారి తప్పు లేదు. పేరే దారి తప్పిస్తుంది. ఫ్లక్స్‌ను ‘ఈ చట్రం గుండా ఎంత క్షేత్రం దూరి పోతున్నది’ అనే లెక్కగా తీసుకుంటే సరిపోతుంది. ఆ లెక్క మారుతున్నప్పుడే తీగచుట్టలో విద్యుచ్చాలక బలం పుడుతుంది. ఒకే చుట్టు ఉన్న వలయంలో ఫ్లక్స్ ఒక సెకనులో ఒక వెబర్ చొప్పున సమంగా తగ్గితే ఒక వోల్టు పుడుతుందన్నదే వెబర్‌కు నిర్వచనం.

ఉపరితలాన్ని వంచితే ఫ్లక్స్ ఎందుకు తగ్గుతుంది?

వానలో బకెట్టును నిటారుగా పెడితే నిండుతుంది, పక్కకు వంచేకొద్దీ దానిలో పడే చినుకులు తగ్గుతాయి. వానా మారలేదు, బకెట్టు మూతి వైశాల్యమూ మారలేదు. వానకు ఎదురుగా నిలిచిన వైశాల్యం మాత్రమే తగ్గింది. గణితంలో దీన్ని ఉపరితలానికి గీసిన లంబానికీ క్షేత్ర దిశకూ మధ్య ఉన్న కోణపు కొసైన్‌తో గుణించి చెబుతారు. ఆ కోణం 60 డిగ్రీలైతే ఫ్లక్స్ సగమవుతుంది, 90 డిగ్రీలైతే సున్నా అవుతుంది.

మూసిన ఉపరితలం గుండా ఫ్లక్స్ సున్నా అయితే లోపల క్షేత్రం కూడా సున్నాయేనా?

కానక్కరలేదు. ఒక పెట్టె బయట విద్యుదావేశం ఉంటే, దాని క్షేత్రం పెట్టెలోకి ఒకవైపు నుంచి ప్రవేశించి మరోవైపు నుంచి బయటికి పోతుంది. వచ్చినదీ పోయినదీ సమానం కనుక మొత్తం సున్నా. క్షేత్రం మాత్రం అంతటా ఉంది. లోపల ఉన్న నికర ఆవేశం ఎంతో మాత్రమే గాస్ నియమం ఫ్లక్స్ ద్వారా చెబుతుంది.

ల్యూమెన్, లక్స్, ఫ్లక్స్: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

ఒక దీపం నుంచి వెలువడే, కంటికి కనిపించే కాంతి మొత్తాన్ని కాంతి ఫ్లక్స్ అంటారు. దాన్ని కొలిచే ప్రమాణం ల్యూమెన్. ఆ కాంతి ఒక ఉపరితలం మీద పడినప్పుడు చదరపు మీటరుకు ఎన్ని ల్యూమెన్లు చేరాయో చెప్పేది లక్స్. అంటే ల్యూమెన్ దీపం గుణం, లక్స్ బల్ల మీద పడిన వెలుగు గుణం. దీపాన్ని దూరంగా జరిపితే ల్యూమెన్లు మారవు గాని లక్స్ తగ్గుతుంది. లక్స్, ఫ్లక్స్ అనే మాటల ప్రాస యాదృచ్ఛికం. ‘లక్స్’ లాటిన్‌లో వెలుగుకు పేరు. కాంతి అనే అర్థంలో సంస్కృతంలో వాడే ‘రుచి’, ‘రోచిస్సు’ దాని చుట్టాలు.

## లోహాల పనిలో

సోల్డరింగ్‌లో వాడే ఫ్లక్స్ అసలు ఏం చేస్తుంది?

లోహాలను అతికించేది ఫ్లక్స్ కాదు. అతుకు పడకుండా అడ్డుపడేదాన్ని తొలగించేది అది. గాలి తగిలిన రాగి మీద కంటికి ఆనని ఆక్సైడు పొర ఉంటుంది, వేడిచేస్తే ఆ పొర ఇంకా మందమవుతుంది. కరిగిన సోల్డరు, అంటే అతుకు వేసే లోహం, ఆ పొర మీద పరచుకోకుండా బొట్టుగా ముడుచుకుంటుంది. ఫ్లక్స్ వేడికి కరిగి, ఆక్సైడును కరిగించి పక్కకు నెట్టి, కొత్త పొర పట్టకుండా గాలిని అడ్డుకుంటుంది. అప్పుడు సోల్డరు శుభ్రమైన లోహం మీద పలుచగా పారుతుంది. ఈ పారనివ్వడమే ఆ పేరుకు కారణం.

అన్ని పనులకూ ఒకే ఫ్లక్స్ సరిపోతుందా?

సరిపోదు, తప్పు ఫ్లక్స్ వాడితే చేసిన పని కొన్నాళ్లకు పాడవుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డులకు పైన్ చెట్ల జిగురు నుంచి తీసిన రోజిన్ అనువైనది. 63 వంతుల తగరం, 37 వంతుల సీసం కలిసిన సోల్డరు కరిగే 183 డిగ్రీల దగ్గర అది చక్కగా పనిచేస్తుంది, చల్లారాక చాలావరకు నిష్క్రియంగా ఉంటుంది. జింక్ క్లోరైడు వంటి ఘాటైన ఫ్లక్సులు రేకులకు పనికివస్తాయి గాని, వాటి అవశేషం సన్నని తీగలను తినేస్తుంది. ఎక్కువ వేడిమి కావలసిన బ్రేజింగ్‌కు, బంగారం అతుకులకు వెలిగారం వాడతారు. నీరు పోయిన వెలిగారం 743 డిగ్రీల దగ్గర కరిగి గాజులా పరచుకుంటుంది. ఏది వాడినా దాని పొగను పీల్చకుండా గాలి ఆడే చోట పనిచేయాలి, ముఖ్యంగా రోజిన్ పొగ ఉబ్బసాన్ని కలిగించగలదు.

ఇనుము కొలిమిలో సున్నపురాయిని కూడా ఫ్లక్స్ అంటారు. అక్కడ అతికేదేమీ లేదు కదా?

అక్కడ పని వేరు, సూత్రం ఒకటే. ఇనుప ముడి ఖనిజంతో పాటు ఇసుక రూపంలో సిలికా వస్తుంది. సిలికా ఒక్కటే అయితే 1700 డిగ్రీలు దాటితే గాని కరగదు. సున్నపురాయి వేడికి విడిపోయి కాల్షియం ఆక్సైడు ఏర్పడుతుంది. అది సిలికాతో కలిసి కాల్షియం సిలికేటు అవుతుంది. ఆ లోహమలం కొలిమి వేడికి ద్రవంగా పారి, ఇనుము కంటే తేలిక కనుక పైన తేలుతుంది, దాన్ని విడిగా తీసివేస్తారు. మలినం ఆమ్ల గుణం గలదైతే క్షార గుణం గల ఫ్లక్స్ కావాలి, క్షార గుణం గలదైతే ఆమ్ల గుణం గలది కావాలి. రాగిని తీసేటప్పుడు ఇనుము ఆక్సైడును తొలగించడానికి సిలికానే ఫ్లక్స్‌గా వేస్తారు. ఒకచోట మలినమైనది మరొకచోట దాన్ని తొలగించే సాధనమవుతుంది.

## వాడుక, అనువాదం

తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి ఏ పదం వాడుతున్నారు?

భౌతికశాస్త్రంలో ‘అభివాహం’, లోహశాస్త్రంలో ‘ద్రవకారి’. రెండూ మంచి పదాలే. ‘ద్రవకారి’ అంటే ద్రవంగా చేసేది. లోహశాస్త్రపు అర్థాన్ని ఆంగ్ల పదం కంటే తేటగా చెబుతుంది. ‘అభివాహం’లో ‘అభి’ అనే ఉపసర్గ ‘ఎదురుగా, వైపుగా’ అనే సూచన ఇస్తుంది కనుక ఒక ఉపరితలం వైపు సాగడమనే భావం నిలుస్తుంది. ఒకే ఆంగ్ల పదానికి రెండు తెలుగు పదాలు ఉండడం లోపం కాదు. ఆంగ్లంలో విడిగా గుర్తుపట్టలేని తేడా తెలుగులో పేరులోనే కనిపిస్తుంది.

‘స్టేట్ ఆఫ్ ఫ్లక్స్’ను తెలుగులో ఎలా చెప్పాలి?

‘ప్రవాహ స్థితి’ అని మాటకు మాట పెట్టకండి. అది తెలుగులో ఏ అర్థాన్నీ ఇవ్వదు. సందర్భాన్ని బట్టి ‘ఇంకా ఒక కొలిక్కి రాలేదు’, ‘కుదురుకోలేదు’, ‘రోజుకో రకంగా మారుతున్నది’, ‘నిలకడ లేదు’ అని చెప్పవచ్చు. పాతది పోయి కొత్తది రావడం స్పష్టంగా తెలుస్తుంటే ‘సంధి దశ’ అనవచ్చు, అయితే ఫ్లక్స్‌లో ఆ కొత్తది ఏదో తెలియాలన్న నియమం లేదు. తత్త్వశాస్త్ర సందర్భంలో ‘నిరంతర పరిణామం’ బాగుంటుంది.

‘ఫ్లక్చుయేషన్’కు, దీనికి తేడా ఏమిటి?

రెండూ ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి, కానీ ‘ఫ్లక్చుయేషన్’ మధ్యలో అల అనే అర్థం గల ‘ఫ్లుక్తుస్’ గుండా వచ్చింది. అల లేస్తుంది, పడుతుంది, మళ్లీ అదే మట్టం చుట్టూ ఆడుతుంది. కనుక అది హెచ్చుతగ్గులు, ఒడిదుడుకులు. ఫ్లక్స్‌కు తిరిగివచ్చే మట్టం ఉండనక్కరలేదు.

‘ఫ్లక్సస్’ అనే కళా ఉద్యమం పేరు దీనిదేనా?

అవును, అది లాటిన్ రూపమే. జార్జ్ మాచూనస్ దాని నిర్వాహకుడు. 1962లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో ఆ పేరుతో తొలి ఉత్సవం జరిగింది. 1963లో ఆయన వెలువరించిన ప్రకటన పత్రంలో నిఘంటువు ఇచ్చిన అర్థాలనే అతికించి, శుద్ధి చేయడం, పారడం, కరిగించి కలపడం అనే మూడింటినీ ఉద్యమ లక్ష్యాలుగా మలిచాడు. వైద్యం, నీరు, లోహం మూడూ ఒకే పత్రంలో కలవడం ఈ పదానికే సాధ్యమైంది.

దీన్ని క్రియగా వాడవచ్చా? బహువచనం ఉందా?

లోహపు పనిలో క్రియగా వాడతారు. ఫ్లక్స్ పూయడం లేదా దానితో కరిగించడం అని అర్థం. పదార్థాన్నో కొలతనో సూచించినప్పుడు ‘ఫ్లక్సెస్’ అనే బహువచనం ఉంది. మార్పు అనే అర్థంలో బహువచనం వాడరు.

కొందరు ‘ఫ్లెక్స్’ అని పలుకుతారు. తప్పా?

తప్పే, ఎందుకంటే ఆంగ్లంలో ఫ్లెక్స్ వేరే పదం. అది వంచు అనే అర్థం గల లాటిన్ ‘ఫ్లెక్తెరె’ నుంచి వచ్చింది. ఫ్లెక్సిబుల్, రిఫ్లెక్స్ దాని సంతానం. కాబట్టి కడుపులోని ఆమ్లం పైకి రావడం రిఫ్లక్స్, మోకాలి మీద తట్టగానే కాలు ఎగరడం రిఫ్లెక్స్.